గొడ్డలి నుంచి కోత మిషన్ దాకా: గట్టి కట్టెకు తేలిక పనిముట్టు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదక మిత్రులు కోరినారు. దేవరకొండ కోట గురించి, పానగల్లు గుళ్ళ గురించి, గద్వాల సంస్థానం గురించి నాకన్నా బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అందుకని నేను కట్టెల గురించి రాస్తున్నాను. నవ్వుకున్నా ఫరవాలేదు గాని, చివరిదాకా చదువుమని మనవి.

కారణం కూడా చెప్పాలి. ఉద్యోగ విరమణ తరువాత మనలో చాలామందిమి తిరిగి ఊళ్ళు పట్టినాము. రెండు మూడెకరాల చెలక, గట్ల మీద తుమ్మలు, బావి దగ్గర ఎండిన వేపో చింతో ఉండనే ఉంటాయి. కూలి మనుషులు దొరకడం కష్టమైంది. మొన్నటి సమావేశంలో భోజనాల దగ్గర ముగ్గురు మిత్రులు ఒకే ప్రశ్న అడిగినారు: "గట్టి కట్టె కోయాలంటే పెద్ద మిషన్ కొనాలటగదా? చిన్నదానితో పని కాదటగదా?" దీనికి జవాబు నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. కాని ఆ జవాబు వెనుక నూరేళ్ళ కథ ఉన్నది. ఆ కథ తెలిస్తే జవాబు మీద నమ్మకం కుదురుతుంది.

మన కట్టె ఎటువంటిది

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు మెట్ట ప్రాంతాలు. (2016లో, తిరిగి 2019లో జిల్లాలను విడదీసినారు గాని, మన తరం వారికి ఇవి ఇప్పటికీ రెండు జిల్లాలే.) ఎర్ర చెలక, దుబ్బ నేల, రాతి గుట్టలు, తక్కువ వాన. ఇటువంటి నేలలో చెట్టు మెల్లగా పెరుగుతుంది. మెల్లగా పెరిగిన చెట్టు కట్టె గట్టిగా ఉంటుంది.

చెరువు శిఖంలో నల్లతుమ్మ, గుట్టల మీద సండ్ర, అమ్రాబాదు, అచ్చంపేట, దేవరకొండ వైపు అడవుల్లో తిరుమాను, నారవేప, బిల్లుడు మనకు పేరుమోసిన గట్టి కట్టెలు. వీటిలో నారవేప మన దేశంలోనే మిక్కిలి బరువైన కట్టెల్లో ఒకటి. దాని చేవ ముక్కను నీళ్ళలో వేస్తే తేలదు, మునుగుతుంది. తిరుమాను కట్టె ఎంత గట్టిదో అంత సాగే గుణం గలది. అందుకనే బండి ఇరుసులకు, గొడ్డలి కామలకు దానినే వెతికేవారు. చెట్టును నరికే గొడ్డలికి చెట్టే కామ ఇచ్చిందన్నమాట.

వీటికి తోడు బయటనుంచి వచ్చింది సర్కారు తుమ్మ. అప్పటి మద్రాసు రాష్ట్ర అటవీ అధికారి కర్నల్ బెడ్డోమ్ 1876లో విత్తనాలు కావాలని కోరితే, 1877లో జమైకా దీవి నుంచి తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటినారు. ఎండకు తట్టుకుంటుంది, వంటచెరకుకు పనికొస్తుంది అన్నది ఆనాటి ఆలోచన. ఇప్పుడది మన శిఖాలను, వాగులను, బీళ్ళను అన్నిటినీ ఆక్రమించింది. తిట్టుకుంటాము గాని, బొగ్గు బట్టీకీ హోటలు పొయ్యికీ ఆధారం అదే. మండితే నిప్పు నిలుస్తుంది. కొట్టబోతే మాత్రం ముళ్ళు, వంకరలు, నేలకు ఆనుకుని పదేసి పిలకలు. ఏ పనిముట్టుకైనా పరీక్ష పెట్టే చెట్టు అది.

గొడ్డలి కాలం

నూరేళ్ళ కిందట ఈ కట్టెనంతా కొట్టింది గొడ్డలి ఒక్కటే. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన ఇనుప గొడ్డలి, పెద్ద మొద్దులకు గండ్రగొడ్డలి, చీల్చడానికి ఇనుప చీల, సమ్మెట. దూలాలు, పలకలు కోయడానికి ఇద్దరు మనుషులు లాగే పెద్ద రంపం ఉండేది. ఒకడు పైన, ఒకడు కింద గుంతలో నిలబడి లాగేవారు. కిందివాడి కళ్ళ నిండా పొట్టే. అయితే వంటచెరకు కోసం రంపం పట్టినవారు అరుదు. కట్టెకు గొడ్డలే.

ఆ గొడ్డలి ఎవరి చేతిలో ఉండేది? ఇదే అసలు ప్రశ్న. నిజాం కాలంలో దౌరా మీద వచ్చిన అధికారికి, గడీలో దొరకు కట్టెలు కొట్టి పెట్టడం, నీళ్ళు మోయడం, గడ్డి తేవడం ఊరి బీదకులాల వారికి వెట్టిగా ఉండేది. కూలి లేదు, కాదనే హక్కు లేదు. మన రాజ్యాంగం 1950 జనవరి 26 నుంచి 23వ అధికరణం ద్వారా వెట్టిని నిషేధించింది. వెట్టిచాకిరి నిర్మూలనకు విడిగా చట్టం 1976లో వచ్చింది. వెట్టికి వ్యతిరేకంగా నల్లగొండ జిల్లాలో 1946 నుంచి 1951 దాకా జరిగిన పోరాటం అందరికీ తెలిసిందే. భూమి గురించి, పన్నుల గురించి పుస్తకాల్లో చదువుకున్నాము. కాని ఒకరి పొయ్యి కోసం ఇంకొకరు ఉత్తపుణ్యానికి కట్టెలు కొట్టడం కూడా ఆ కోపంలో ఒక భాగమని మరువరాదు.

అడవిలో కథ వేరు. అమ్రాబాదు పీఠభూమి మీద చెంచులు తమకు కావలసిన ఎండు కట్టెలు ఏరుకునేవారే గాని, పచ్చని చెట్టును నరికి అమ్ముకునే అలవాటు వారిది కాదు. 1940లో వారి మధ్య ఉండి పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ పండితుడు 1943లో వారి మీద పెద్ద పుస్తకమే అచ్చు వేసినాడు. అడవి నుంచి కలప, వెదురు పట్నానికి తరలించిన వారు గుత్తేదారులు. దానిని అదుపులో పెట్టడానికి హైదరాబాదు అటవీ చట్టం 1355 ఫసలీలో, అంటే 1945-46 ప్రాంతంలో వచ్చింది. 1967లో దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అమలైంది.

నేను తాలూకా కచేరిలో చేరిన 1970లలో ప్రతి ఎండాకాలం శిఖం తుమ్మల హర్రాజు జరిగేది. చెరువు ఎండిన తరువాత చెట్లు లెక్కపెట్టి, లావు కొలిచి, నంబరు వేసి, సర్కారు పాట ధర కట్టి, దండోరా వేయించి పాట పెట్టేవారు. ఆ కాగితాలు రాసింది నా వంటి గుమాస్తాలే. ప్రతి చెట్టు చుట్టుకొలత అందులో ఉండేది. పాట పాడినవాని పేరు, జమానతు మొత్తం, చెల్లించిన తేదీ, చలాను నంబరు అన్నీ ఉండేవి. చెట్టు కొట్టిన మనిషి పేరు మాత్రం ఏ కాలమ్‌లోనూ లేదు. అతని గొడ్డలి ఎంత బరువు, రోజుకు ఎన్ని దెబ్బలు, ఎంత కూలి, ఇవి అడిగే నమూనా ఏ ఫారంలోనూ ఉండేది కాదు. ముప్పై ఏళ్ళు కాగితాల మధ్య ఉన్నవాణ్ణి కనుక చెబుతున్నాను. కాగితంలో లేని బరువును సమాజం బరువుగా లెక్కపెట్టదు.

కట్టె మోపు తలకెత్తుకున్న ఆడవాళ్ళ సంగతీ అంతే. ఇరవై, ముప్పై కిలోల మోపు నెత్తిన పెట్టుకుని దేవరకొండ, అచ్చంపేట బజార్లలో తెల్లవారేసరికి నిలబడే తండా ఆడపడుచులను చూసిన కళ్ళు మనవి. పాలమూరు కూలి అంటే దేశమంతటా బరువు పనికి పేరు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు ఎన్నో ఆ భుజాల మీదనే లేచినవి. బరువు మోయడం వారి గుణం అన్నట్టుగా మాట్లాడడం అందరికీ అలవాటైపోయింది.

పొయ్యి మారింది, కట్టె పోలేదు

కట్టెపొయ్యి కష్టాన్ని తగ్గించాలని ఆలోచించినవారు మన హైదరాబాదులోనే ఉన్నారు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలల సంచాలకులు డాక్టర్ ఎస్.పి. రాజు గారు మట్టితో చేసుకునే పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో ఇంగ్లీషులో "స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్" అనే చిన్న పుస్తకం వెలువరించినారు. పొగ గొట్టం పెట్టి, వేడి వృథా కాకుండా ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు కాగేటట్టు చేసిన ఏర్పాటు అది. దేశవ్యాప్తంగా పొగలేని పొయ్యిల పథకం రావడానికి మరి ముప్పై ఏళ్ళు, అంటే 1983 దాకా పట్టింది. తరువాత 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం గ్యాసు బండను గుడిసె దాకా తెచ్చినవి.

అయినా కట్టె అవసరం తీరిపోలేదు. నీళ్ళు కాగబెట్టుకునే పొయ్యి బయట ఉండనే ఉన్నది. పెండ్లికి, బోనాలకు, గ్రామదేవత జాతరకు పెద్ద గంగాళాలు కట్టెల మీదనే ఎక్కుతాయి. హోటళ్ళ వారు "కట్టెల పొయ్యి వంట" అని బోర్డు రాసి మరీ అమ్ముకుంటున్నారు. ఇటుక బట్టీలు, కుమ్మరి ఆవములు ఉన్నవి. ఇవన్నీ కాక, మనలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒకనాడు నాలుగైదు క్వింటాళ్ళ కట్టె కావలసే ఉన్నది. మన వయసులో ఈ మాటకు ఉలిక్కిపడనక్కరలేదు.

మిషన్ బరువు తగ్గిన కథ

ఇక కోత మిషన్ సంగతికి వస్తాను. గొలుసుకు పండ్లు కట్టి కోసే ఆలోచన మొదట వచ్చింది చెట్టు కోసం కాదు, వైద్యం కోసం. 18వ శతాబ్ది చివర స్కాట్లాండుకు చెందిన ఐట్‌కెన్, జెఫ్రే అనే వైద్యులు కష్టకాన్పులలోనూ, ఎముక శస్త్రచికిత్సలలోనూ వాడడానికి చేతితో లాగే చిన్న గొలుసు రంపం తయారు చేసినారు. 1830లో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైన అనే ఆయన చేతితో తిప్పే గొలుసు రంపాన్ని ఎముకల కోసమే చేసినాడు.

చెట్టుకు ఆ గొలుసును తెచ్చినవారు తరువాతివారు. 1905లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన శామ్యూల్ బెన్స్ పేరిట అటువంటి యంత్రానికి పేటెంటు ఇచ్చినారు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజనీరు 1926లో కరెంటుతో నడిచే మిషన్ చేసినాడు. దాని బరువు 48 కిలోలు! ఇద్దరు మనుషులు చెరొక కొస పట్టుకోవాలి. 1929లో పెట్రోలు మిషన్ వచ్చింది. అదీ 46 కిలోలు. మూడేళ్ళలో తగ్గింది రెండు కిలోలు. అంటే అర బస్తా సిమెంటు చేత పట్టుకుని చెట్టు కోసినట్టు ఒక్కొక్కరి వంతు.

ఆ తరువాత మార్పు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది ఇంజను బరువు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో తేలిక లోహాల వాడకం పెరిగింది. 1950లో ఒక్క మనిషి ఎత్తగలిగే పెట్రోలు మిషన్ వచ్చింది. బరువు 16 కిలోలు. 1959 నాటికి 12 కిలోలకు దిగింది. రెండవది పంటి సంగతి. నా లెక్కలో దీనిదే అసలు గొప్పతనం. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే కట్టె కోసే పనివాడు, 1946లో ఒక మొద్దులో కట్టెను తొలిచే పురుగు పిల్లను పరిశీలించినాడు. అది పోగు వెంబడీ, పోగుకు అడ్డంగానూ ఒకే తేలికతో కట్టెను కొరుక్కుంటూ పోవడం చూసినాడు. దాని దవడలు ఎడమ కుడి పక్కలకు వంగిన కొడవళ్ళ వలె ఉన్నవి. అదే ఆకారంలో గొలుసు పండ్లను ఎడమొకటి, కుడొకటిగా వంచి 1947లో అమ్మకానికి పెట్టినాడు. నేడు ప్రపంచంలో వాడే గొలుసులన్నీ ఇంచుమించు ఆ పంటి సంతతే. చిన్న పురుగు ఏ బరువూ లేకుండా గట్టి చేవను తొలుస్తున్నదంటే, కోసేది బరువు కాదు, పదును అని అర్థం గదా!

1960లలో చేతులకు అదురు తగలకుండా రబ్బరు, స్ప్రింగుల అమరిక వచ్చింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి మిషన్ పట్టినవారికి వేళ్ళు తిమ్మిరెక్కి తెల్లబడే జబ్బు చేసేది. 1970లలో మిషన్ ఎగిరిపడితే గొలుసును ఆపే బ్రేకు వచ్చింది. ఇప్పుడు సుమారు 30 సీసీల చిన్న పెట్రోలు మిషన్, గైడ్ బార్, చైన్ లేకుండా, నాలుగు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. 45 సీసీల మధ్యరకం నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. 48 కిలోల నుంచి నాలుగు కిలోలకు రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇంతకాలం ఇంజనీర్లు బుర్ర బద్దలు కొట్టుకున్నది బరువు తగ్గించడానికైతే, మనము దుకాణానికి పోయి "ఉన్నవాటిలో బరువైనది చూపించు" అనడం విచిత్రం కాదా?

మన ప్రాంతంలో ఈ మిషన్ చప్పుడు జనం బాగా విన్నది హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారిని 2010-2012 మధ్య నాలుగు వరుసలుగా వెడల్పు చేసినప్పుడని నా జ్ఞాపకం. తాతల నాటి చింతచెట్లు, ఇద్దరు మనుషులు గొడ్డలితో మూడు రోజులు కొట్టవలసినవి, మధ్యాహ్నానికి నేలమీద ఉన్నవి. ఆ చెట్లకు పెద్ద మిషన్లు వాడినారు. ఆ దృశ్యం చూసినవారికి గట్టి కట్టె అంటే పెద్ద మిషన్ అని మనసులో నాటుకుపోయింది. చెట్టు కూల్చడం వేరు, పొయ్యికి కట్టె కోయడం వేరు. ఆ తేడాను ఎవరూ విడదీసి చెప్పలేదు.

మా ఊరి కొనుగోలు

మా ఊళ్ళో వైకుంఠధామం కట్టిన తరువాత, అక్కడ ఎప్పుడూ కట్టె నిల్వ ఉండాలని పెద్దలము నలుగురము అనుకున్నాము. వానకాలంలో బీద ఇంట చావు జరిగితే ఎండు కట్టె కోసం రాత్రివేళ ఇల్లిల్లూ తిరిగే అవస్థ రెండు సార్లు చూసినాము. చెరువు కింది సర్కారు తుమ్మ, గాలికి పడిన వేపలు కోసి పేర్చుకుంటే చాలు. అందరమూ చందాలు వేసుకుని ఒక మిషన్ కొందామని తీర్మానమైంది.

అక్కడ తగవు మొదలైంది. యువకులు 58 సీసీల మిషన్, 22 అంగుళాల బార్ కావాలన్నారు. "కొంటే పెద్దదే కొనాలె, తుమ్మ గట్టి కట్టె" అన్నారు. ధర కూడా బజారులో తక్కువే. బార్, చైన్, పెట్రోలు, నూనె అన్నీ కలిపి చేత పట్టుకుంటే ఆరేడు కిలోలు. ఇంకొక వర్గం 30, 35 సీసీల చిన్నది, 14 అంగుళాల బార్ చాలునన్నారు. దానిని బొమ్మ అని ఎగతాళి చేసినారు కొందరు. వాదన గంటసేపు సాగింది. మిషన్ పట్టి కోయవలసిన మనిషిని ఎవరూ అడగలేదు. అతను యాభై అయిదేళ్ళవాడు. తండ్రి కాలం నుంచి ఊరికి కట్టె కొట్టే ఇంటివాడు. అరుగు కింద నిలబడి వింటున్నాడు.

నేను అతన్ని పిలిచి, "నువ్వు చెప్పు తమ్మీ, ఏది కావాలె?" అన్నాను. దుకాణంవాడు చూడడానికి పంపిన రెండు మిషన్లనూ ఒకటి తరువాత ఒకటి ఎత్తి, నడుముకు ఆనించి, వంగి, లేచి చూసినాడు. "కట్టె బరువు ఎట్లాగూ మోస్తున్న సారూ, మిషన్ బరువు గూడ మోయాల్నా?" అన్నాడు.

ఇంక ఎవరూ మాట్లాడలేదు. నాకైతే హర్రాజు కాగితాల్లో లేని కాలమ్ ఆ ఒక్క మాటతో నిండినట్టు అనిపించింది. చిన్నదే కొన్నాము.

గుమాస్తాను కనుక లెక్క కట్టి చూసినాను. ఒక పూట పనిలో రెండు వందల కోతలు అనుకుందాము. ప్రతి కోతకూ మిషన్ ఒకసారి ఎత్తి దించాలి. పెద్దదానికీ చిన్నదానికీ తేడా రెండు కిలోలు. రెండు వందల సార్లు రెండు కిలోలు అంటే నాలుగు వందల కిలోలు. ఒక మనిషిని సాగనంపడానికి పట్టే కట్టె ఎంతో, అంత బరువు ఉత్తపుణ్యానికి ఎత్తి దించినట్టు. కూలి పెరగదు, కట్టె పెరగదు. నడుము మాత్రం పోతుంది. పెద్ద మిషన్ ఒక్కొక్క కోతలో కొన్ని సెకండ్లు ఆదా చేయవచ్చు. కాని కట్టె పనిలో ఎక్కువ కాలం కోతకు పోదు. మొద్దు దొర్లించడానికి, ముండ్లకంప తీయడానికి, పేర్చడానికి పోతుంది.

ఎంచుకునే మిత్రులకు

ఇప్పుడు మిత్రుల ప్రశ్నకు జవాబు. మా ఊరి రెండు మూడేళ్ళ వాడకం, తెలిసిన మెకానిక్కులు చెప్పిన మాటలు కలిపి రాస్తున్నాను.

బార్ పొడవు చూసి మిషన్ ఎంచుకోవాలి. మన పొయ్యి కట్టె చాలావరకు ఆరు నుంచి పన్నెండు అంగుళాల లావు. దానికి 12 నుంచి 16 అంగుళాల బార్ సరిపోతుంది. అంతకన్నా లావు మొద్దు వస్తే రెండు పక్కల నుంచి కోయవచ్చు. బార్ పొడవు పెరిగేకొద్దీ గొలుసు రాపిడి పెరుగుతుంది, దానికి పెద్ద ఇంజను కావాలి, దానితో బరువు పెరుగుతుంది. రోజంతా చేవ కట్టె కోసేవారికి 45 సీసీల మధ్యరకం మంచిది. ఇంటి వరకు, ఊరి వరకు 30 నుంచి 40 సీసీలు చాలు.

కాగితం మీద రాసిన బరువు నమ్మి కొనవద్దు. అది సాధారణంగా బార్, చైన్, పెట్రోలు లేకుండా రాసిన బరువు. అన్నీ అమర్చి, రెండు ట్యాంకులూ నింపి చేత పట్టి చూడాలి. ఎత్తగానే ముందుకు తూలకుండా నిలవాలి. అదురు తగ్గించే అమరిక, చైన్ బ్రేకు లేనిదానిని ఎంత చౌకైనా కొనరాదు. విడిభాగాలు దేవరకొండలోనో నాగర్‌కర్నూలులోనో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి.

గట్టి కట్టెకు మందు పదును. చిన్న మిషన్ పదునుగా ఉంటే పెద్ద మొండి మిషన్ కన్నా మేలు. కోసేటప్పుడు పెచ్చులు పెచ్చులుగా రాలితే పదును ఉన్నట్టు, పిండి వలె పొడి రాలితే పదును పోయినట్టు. పెట్రోలు నింపిన ప్రతిసారీ రెండు మూడు సార్లు ఆకురాయి పెడితే పంటికి ప్రాణం. చిన్న చైన్లకు మామూలుగా 4 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి వాడుతారు. చైన్ పెట్టె మీద రాసినదానిని సరిచూసుకోవాలి. మూల గుండ్రంగా ఉండే పంటి చైన్ అడిగి తీసుకుంటే మన దుమ్ము కట్టెలో ఎక్కువసేపు నిలుస్తుంది. సర్కారు తుమ్మ మొదలు నేలకు ఆనించి కోయవద్దు. ఒక్క క్షణం మట్టి తగిలినా పదును గోవిందా. బెరడు మీద చెదమట్టి ఉంటే గొడ్డలితో గీకి అప్పుడు కోయాలి. గొడ్డలి పని ఇంకా తీరిపోలేదు సుమా!

కట్టె పచ్చిగా ఉన్నప్పుడే కోసి, చీల్చి, నీడన గాలి తగిలేటట్టు పేర్చి ఆరబెట్టాలి. ఎండి బిగిసిన తుమ్మను కోయడం మిషన్‌కూ మనిషికీ శిక్ష. పెట్రోలులో టూ-స్ట్రోక్ ఆయిలు లెక్క ప్రకారం కలపాలి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. బార్‌కు నూనె వేరే ట్యాంకులో నింపాలి. కరెంటువి, బ్యాటరీవి కూడా వచ్చినవి. ఇంటి దగ్గర కొమ్మలకు అవి తేలికా, పొగ లేనివీ. ఊరి బయటి మొద్దులకు మాత్రం పెట్రోలుదే అనుకూలం.

గొలుసు సెకనుకు సుమారు ఇరవై మీటర్ల వేగంతో తిరుగుతుంది. బార్ కొస పై భాగం కట్టెకు తగిలితే మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. భుజం కన్నా పైకెత్తి కోయరాదు. మెడలో తువాలు, జారే పంచె, లుంగీ పనికిరావు. బూట్లు, కళ్ళద్దాలు, చెవులకు మూతలు ఉండాలి. ఒంటరిగా కోయరాదు. మనలో బీపీ, షుగరు మాత్రలు మింగేవారు మిషన్ కొనవచ్చు గాని పట్టవద్దు. పట్టేవానికి సరైన కూలి ఇవ్వండి.

చట్టం సంగతి కూడా ఒక మాట. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి అవసరం. ఏ జాతులకు మినహాయింపు ఉన్నదో అటవీ శాఖ కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకోవాలి. అమ్రాబాదు వైపు పొలాలున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అది 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరిన అడవి. మిషన్ తేలికైనంత మాత్రాన చెట్టు తేలికగా పెరగదు. మూడు నిమిషాల్లో కూలిన తిరుమాను తిరిగి ఆ లావు కావడానికి రెండు తరాలు పడుతుంది.

మిత్రులారా, చరిత్ర అంటే రాజుల కోటలే కాదు, బరువు ఎవరి భుజం మీద నుంచి ఎప్పుడు దిగింది అన్నది కూడా చరిత్రే. పనిముట్టు కొనే చేయి వేరు, పట్టే చేయి వేరు అయినంత కాలం బరువు లెక్కలోకి రాదు. కనుక మీరు ఏ మిషన్ కొన్నా, ఎంత పెట్టి కొన్నా, ముందు పట్టే మనిషి చేతికిచ్చి అడగండి. అతను చెప్పినదే కొనండి.

సెలవు.